చెల్లెలి గొంతుకో కొనుగోలు కమిటీ

జూన్ 2

అన్నయ్యకి,

నీ చెల్లెలు బుల్లి రాస్తున్నది. మరొకసారి చెబుతున్నాను, నీ చెల్లెలు బుల్లి రాస్తున్నది. ముప్పై ఒక్క ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని ప్రతి ముక్కా రెండేసి సార్లు చెప్పీ చెప్పీ, ఇప్పుడు కలం పట్టుకున్నా అదే వస్తోంది. అన్నం వడ్డించానని కూడా నేను రెండుసార్లు చెబుతానని మీ బావగారి ఫిర్యాదు.

పదకొండేళ్లుగా ఉత్తరం ముక్క రాయనిదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఫోన్ చేసే వీలు లేదు. నా స్వరపేటిక మీద చిన్న బొడిపె లేచిందట. ఆగస్టు తొమ్మిదిన ఆపరేషన్ చేసి తీసేస్తానన్నాడు గొంతు డాక్టరు. ప్రాణానికేం భయం లేదు. కానీ ఆ తర్వాత నా గొంతు ఇప్పటిలాగే ఉంటుందని మాత్రం మాటివ్వలేనన్నాడు. అందాకా రోజుకి ఇరవై నిమిషాలే మాట్లాడాలి, అందుకే బస్టాండుకి సెలవు పెట్టేశాను. మిగతా పొద్దంతా పలకే గతి. వంటింట్లో ఒకటి, ముందుగదిలో ఒకటి వేలాడదీశాను.

ఆగస్టు నుంచి నా కుర్చీలో కంప్యూటర్ గొంతుని కూర్చోబెడతామని బస్టాండు మేనేజరు వచ్చి చెప్పాడు. లేదూ, ఆపరేషన్‌లోపు నా ప్రకటనలన్నీ శుభ్రంగా రికార్డు చేసి ఇస్తే నా గొంతే ఉంచుతారట. మొత్తం రెండువందల పన్నెండు ప్రకటనలు. ఆ కంప్యూటర్ గొంతు వినిపించాడు కూడా. బస్సు వచ్చినా, బస్సు రద్దయినా, పిల్లాడు తప్పిపోయినా దానికి ఒకటే సంతోషం. నాకు కడుపు మండిపోయింది అన్నయ్యా. రేపు నేను మాట్లాడగలిగినా, మాట్లాడలేకపోయినా, ఇన్నాళ్లూ మాట్లాడినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలనిపిస్తోంది.

ఊళ్లో స్టూడియో లేదు కాబట్టి మా వెనకగదిలోనే రికార్డు చేసుకోవాలి. మైకుకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒక పెట్టె ఉండాలట, దాన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. ఆ పైన దగ్గులూ తుమ్ములూ కోసెయ్యడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. మైకులమ్మే కొట్టాయన నా ముందు ఎనిమిది పెట్టెలు పేర్చి పెట్టాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఆయన రాసిచ్చిన జాబితా ఇందులో పెట్టాను. నువ్వేమో ముప్పై నాలుగేళ్లు కొనుగోళ్ల విభాగంలో చేశావు, గుండుసూది దగ్గర్నుంచి క్రేను దాకా కొన్నవాడివి. ఏ పెట్టె, ఏ సాఫ్ట్‌వేర్, ఇంతే చెప్పు. రెండు లైన్లు చాలు. మరొకసారి, రెండు లైన్లు చాలు.

ప్రస్తుతానికి నోరు కట్టేసుకున్న నీ చెల్లెలు,
బుల్లి


జూన్ 7

విషయం: గృహ స్టూడియో నిమిత్తం రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఇంటర్‌ఫేస్ ఎంపిక గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ జూన్ 2.

బుల్లీ,

పై సూచికలోని నీ ఉత్తరం అందినది. గొంతు సంగతి వచ్చినచోట ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ధైర్యంగా ఉండు.

ఇక విషయానికి వస్తాను. రెండు లైన్లలో చెప్పమన్నావు. చెప్పగలను. కానీ రేపెవరైనా వచ్చి ఏ ప్రాతిపదికన కొన్నారని అడిగితే ఏం చూపిస్తావు? ఎవరు అడుగుతారండీ అంటుంది మీ వదిన. నా సర్వీసులో ఆ మాటన్న ప్రతివాడినీ ఎవరో ఒకరు వచ్చి అడిగారు.

కాబట్టి ముగ్గురితో కొనుగోలు కమిటీ వేయడమైనది. నేను అధ్యక్షుణ్ణి, మీ వదిన సభ్యురాలు, మా మేడమీద అద్దెకుంటూ పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే ఆయన సాంకేతిక సభ్యుడు. మొదటి సమావేశం నిన్న సాయంత్రం మా భోజనాల బల్ల దగ్గర జరిగింది. అన్ని అంశాలూ కూలంకషంగా చర్చించాం. మీ వదిన మధ్యలో లేచి బట్టలు తియ్యడానికి వెళ్లినందువల్ల కోరం లేక పావుగంట వాయిదా పడింది.

ఈ కింది వివరాలు వెంటనే పంపగలవు. గది కొలతలెంత? పెట్టెకి మైకు దూర్చే రంధ్రాలు ఒకటి ఉండాలా, రెండా, నాలుగా? చుట్టుపక్కల చప్పుళ్లు ఏమేమున్నాయి? ఉత్తరం మీదే రాయి, ఫోన్లో మెసేజీలు పెట్టకు. ఫోన్లో వచ్చినదాన్ని ఫైల్లో కుట్టడానికి రాదు.

ఆపరేషన్ ఆగస్టు తొమ్మిదిన కాబట్టి ఎనిమిదో తేదీ సాయంత్రానికల్లా తుది ఆమోదం నీ చేతిలో ఉంటుంది. నిశ్చింతగా ఉండు.

అధ్యక్షుడు, కొనుగోలు కమిటీ
(మీ అన్నయ్య)


జూన్ 12

అధ్యక్షులవారికి,

ఎనిమిదో తేదీ సాయంత్రం ఆమోదం వస్తే తొమ్మిదో తేదీ పొద్దున్న కత్తి కింద పడుకుని రికార్డు చెయ్యనా? కాస్త ముందుకి జరుపు.

గది తొమ్మిదడుగులు పొడుగు, ఏడడుగులు వెడల్పు. ట్రంకుపెట్టె అడ్డం ఉండటంవల్ల తలుపు పూర్తిగా పడదు. రంధ్రం ఒకటి చాలు, నాకు ఉన్నది ఒక్కటే నోరు.

చప్పుళ్ల సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. మీ బావగారి గడియారాల రిపేరు కొట్టు మా ముందుగదే కదా. ఇప్పుడు గోడల మీదా, బల్ల మీదా కలిపి ముప్పై ఏడు నడుస్తున్నాయి. రిపేరు చేశాక ఒక్కొక్కదాన్నీ ఎనిమిది రోజులు ఆపకుండా నడిపి చూస్తేగానీ ఆయన తిరిగివ్వరు. ఆపితే లెక్క మళ్లీ మొదటికొస్తుందట. పైగా అన్నీ జబ్బు పడి వచ్చినవే కదా, ఏ రెండూ ఒకే టైము చూపించవు. అందువల్ల ఇంట్లో ఎప్పుడు చూసినా ఏదో ఒకదానికి గంట అవుతూనే ఉంటుంది. నేను "ప్రయాణికులకు" అనేసరికి ఒకటి పన్నెండు కొడుతుంది, అది ఆగేసరికి ఇంకొకటి అందుకుంటుంది. ఈ సంగతి ఎలాగని పలక మీద రాసి అడిగితే ఆయన గంటసేపు ఆలోచించి, పలక వెనక్కి తిప్పి "చూద్దాం" అని రాశారు. ఆయనకి మాట్లాడే వీలుందని నేను గుర్తు చెయ్యాల్సొచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఎప్పుడూ ఇంతే, నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటారు.

కమిటీకి ముగ్గురు సరిపోతారా? ఓ ఉపసంఘం కూడా వేసెయ్యి, పనిలో పని.

బుల్లి


జూన్ 18

విషయం: గృహ స్టూడియో – ఉపసంఘం ఏర్పాటు, నమూనాల పరీక్ష గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ జూన్ 12.

బుల్లీ,

నీ కోరిక మేరకు ఉపసంఘం వేయడమైనది. మనుషులు దొరకనందున ఉన్న ముగ్గురినే నియమించాను, కాకపోతే దానికి మీ వదిన అధ్యక్షురాలు. ఆవిడ మొదటి సమావేశంలోనే "కొట్లో ఏది ముందుంటే అది కొనుక్కోమనండి" అని తీర్మానం పెట్టింది. ఒకటికి రెండు ఓట్లతో వీగిపోయింది. ఆవిడ అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేశాం, దాని మీద ఆవిడ సంతకం పెట్టనందని కూడా నమోదు చేశాం.

కాల నియంత్రణకు మీ ఇంట ముప్పై ఏడు గడియారాలు అందుబాటులో ఉండటం పట్ల కమిటీ హర్షం వ్యక్తం చేసింది. ఆ అంశం కింద నీకు పదికి పది మార్కులు పడ్డాయి. రంధ్రాలు మాత్రం రెండుండాలి. ఈరోజు నోరు ఒకటే కావచ్చు, భవిష్యత్ అవసరాలు చూసుకోవాలి కదా.

ఎనిమిది పెట్టెల్లో ఆరింటిని తిరస్కరించాం. మిగిలినవి రెండు, నల్లదీ ఎర్రదీ. సాఫ్ట్‌వేర్లు మూడు తేలాయి. ఒకటి ఊరికే వచ్చేది, చూపులకి వెలిసిపోయిన గోడలా ఉంటుంది. రెండోది నెలనెలా అద్దె కట్టేది, దాంట్లో ఒకేసారి రెండువందల మంది పాడవచ్చు. మూడోది ఎర్రపెట్టెతో పాటు వచ్చేది, ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో తయారుచేసినవాళ్లకే తెలియాలి. రెండు పెట్టెలకి మూడు సాఫ్ట్‌వేర్లు జతచేస్తే ఆరు జతలు. ఒక్కొక్క జత మీద ఒకే వాక్యాన్ని పదేసి సార్లు రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పంపగలవు. పోల్చేటప్పుడు వాక్యం ఒకటే ఉండాలి, లేకపోతే పక్షపాతం వస్తుంది.

ఆ వాక్యం తయారుచెయ్యడానికి రెండు సమావేశాలు పట్టింది. ఇదీ ఆమోదించిన పాఠం: "ఇందుమూలముగా ప్రయాణికులకు తెలియజేయడమేమనగా, నలభై రెండో నంబరు బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారమ్ నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నట్లు భావించబడుచున్నది." భావించబడటమేమిటి, ఉందో లేదో చెప్పి చావండి అంది మీ వదిన. మనం బస్సుని చూడలేదు కదా.

నమూనాకి రెండు పెట్టెలూ ఇమ్మని మీ ఊరి కొట్టాయనకి విడిగా రాశాను. కమిటీ ఆమోదం లేకుండా వాటి మీద తుది రికార్డింగ్ ఏదీ జరగరాదని కూడా అందులో స్పష్టం చేశాను.

అధ్యక్షుడు (ఉపసంఘంలో సభ్యుడు)


జూన్ 25

అన్నయ్యకి,

నువ్వేం రాశావోగానీ కొట్టాయన బెదిరిపోయాడు. ఏదో పెద్ద ఆఫీసు నుంచి వచ్చిందనుకుని, రెండు పెట్టెలూ తనే మోసుకొచ్చి, "పరీక్షకు మాత్రమే" అని వాటి మీద చీటీలు అంటించి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు. తుది రికార్డింగ్ చేస్తే తన కొట్టు మూయించేస్తారేమోనని రోజూ వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్తున్నాడు.

మా బస్టాండు రిజర్వేషన్ కౌంటర్ ఆవిడ వచ్చి మూడు సాఫ్ట్‌వేర్లూ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టింది. పరుపులు గోడలకి ఆనించాం, ట్రంకుపెట్టె వీధిలో పెట్టాం. గడియారాలకి మీ బావగారు కనిపెట్టిన ఉపాయమేమిటంటే, ఆపకుండానే ఒక్కొక్కదాన్నీ చంకన పెట్టుకుని మేడమీదికి చేరవెయ్యడం. ముప్పై ఏడూ పైకి చేరేసరికి ఆయనకి ఆయాసం, నాకు ఆవలింత. పని కాగానే మళ్లీ ముప్పై ఏడూ కిందికి. నేను మాట్లాడేది ఇరవై నిమిషాలు, ఆయన మోసేది మూడు గంటలు.

నల్లపెట్టెతో ఒక చిక్కుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నా గొంతు నా చెవిలోకి కాస్త ఆలస్యంగా వస్తోంది. ముప్పై ఒక్క ఏళ్లు బస్సులు ఆలస్యమని చెప్పినదాన్ని, నా గొంతే ఆలస్యంగా నడుస్తుంటే ఎవరికి చెప్పుకోను? నేనొక మాట అని, అది వచ్చేదాకా మర్యాదకి ఆగుతున్నాను. ఆగేసరికి వాక్యం పాడవుతోంది. మీ బావగారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మైకు ముందు చిటికె వేసి విని, సెకనులో ఇరవయ్యో వంతు వెనకపడిందని తేల్చారు. తేల్చి ఊరుకున్నారా, కంటికి భూతద్దం తగిలించుకుని, పెట్టె విప్పి, లోపల గడియారం నూనె రెండు చుక్కలు వేశారు. ఆశ్చర్యం ఏమిటంటే అది బాగుపడింది. దాంతో కొట్టాయన తన దగ్గరున్న మిగతా పెట్టెలన్నిటికీ నూనె వెయ్యమని తీసుకొచ్చి ఇచ్చాడు.

పదేసి సార్లు, ఆరు జతలు, నాకేమో రెండేసి సార్లు చెబితేగానీ తృప్తి ఉండదు. నూట ఇరవై సార్లు చెప్పాను అన్నయ్యా ఆ మాట. మా బస్టాండులో నలభై రెండో నంబరు బస్సే లేదు. రికార్డు కావలసినవాటిలో ఒక్కటంటే ఒక్కటి కాలేదు. నేనే ఏదో ఒకదానితో మొదలుపెట్టేద్దును. కానీ చిన్నప్పట్నుంచీ నువ్వు నా కోసం ఒక పని ఇంతగా నెత్తినేసుకోవడం ఇదే మొదలు, దాటిపోవడానికి మనసు రాలేదు. పెన్‌డ్రైవ్ ఇందులో పెట్టాను. ఇదే సరుకు ఇంకో పెన్‌డ్రైవ్‌లో మా ఇంట్లోనూ ఉంచాను. త్వరగా తేల్చు.

బుల్లి


జూలై 1

విషయం: నమూనాల పరీక్ష ఫలితం, అనుమతి లేకుండా నూనె వేయుట గురించి.
సూచిక: నీ ఉత్తరం, పెన్‌డ్రైవ్ ఒకటి.

బుల్లీ,

నూట ఇరవై రికార్డింగులూ కమిటీ మూడు రోజులు కూర్చుని విన్నది. మూడోరోజు మీ వదిన కూర పోపు వేస్తూ "భావించబడుచున్నది" అన్నది. పక్కింటివాళ్లు నలభై రెండో నంబరు బస్సు ఎక్కడాగుతుందని వచ్చి అడిగారు.

నల్లపెట్టెకి డెబ్బై ఒకటిన్నర, ఎర్రపెట్టెకి డెబ్బై ఒకటిన్నర. ఇలాంటి పరిస్థితి నా సర్వీసులో ఒక్కసారే వచ్చింది. అప్పుడు రెండూ కొనలేదు.

పైగా నల్లపెట్టె నమూనాలో మార్పు జరిగింది. నమూనాని విప్పడం, నూనె వేయడం తీవ్రమైన విషయాలు. బావగారి మీద నాకు ఎంతో గౌరవం ఉంది, అది వేరు. ఈ కాగితంతోపాటు ఆయన పేర వేరే కాగితం జతచేశాను, వారం లోపల సంజాయిషీ ఇప్పించగలవు. కొత్త నల్లపెట్టె తెప్పించి, నూనె లేకుండా, తిరిగి పరీక్ష జరపవలసిందిగా నిర్ణయించడమైనది. ఈసారి వైరు ఎడమవైపు నుంచి తగిలించగలవు.

గొంతు నొప్పిగా ఉందా? ఇరవై నిమిషాలు దాటించకు.

అధ్యక్షుడు


జూలై 6

అన్నయ్యా,

మీ బావగారి సంజాయిషీ ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నూనె వేశాను. నడుస్తోంది."

ఇక నా మాట విను. నిన్న డాక్టరు చూశాడు. బొడిపె పెరిగిందట, ఆగస్టు దాకా ఆగడానికి లేదట. ఆపరేషన్ జూలై పద్దెనిమిదికి జరిపాడు. మరొకసారి చెబుతున్నాను, జూలై పద్దెనిమిది. నాకింక పన్నెండు రోజులున్నాయి. నల్లదో ఎర్రదో ఒక్క మాట రాసి పంపు. అది తప్ప ఇంకేమీ రాయకు. కొట్టాయన నీ సంతకం లేనిదే చీటీ పీకనంటున్నాడు, ఈమధ్య మా గుమ్మంలోనే స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. నేను నవ్వడం లేదు అన్నయ్యా. నాకు భయంగా ఉంది.

బుల్లి


జూలై 11

విషయం: అత్యవసరం.
సూచిక: నీ ఉత్తరం, తేదీ జూలై 6.

బుల్లీ,

నీ ఉత్తరం అందిన నిమిషంలోనే అత్యవసర విధానం కిందికి వెళ్లిపోయాం. అత్యవసరంలో సమావేశం అక్కర్లేదు, ఫైలు ఒకరి తర్వాత ఒకరికి తిప్పి సంతకాలు తీసుకుంటే చాలు. మీ వదిన చదవకుండానే సంతకం పెట్టి, ఫైలు నా మీదికి విసిరింది. నేనూ పెట్టాను. పైఅద్దెకాయన మాత్రం పెళ్లిళ్ల పని మీద వారం రోజులు ఊళ్లు తిరుగుతున్నాడు. ఫైలు ఆయన కంటపడేలా మేడమెట్ల మీద పెట్టాను. వానజల్లు పడకుండా గొడుగు కూడా విప్పి పెట్టాను.

సాంకేతిక సభ్యుడి సంతకం లేకుండా ఇవ్వకూడదు. ఇవ్వకూడదని రాసిన నిబంధన నేనే రాశాను. ఆయన పదహారున వస్తాడు.

అన్నయ్య


జూలై 17

అన్నయ్యకి,

నీ గొడుగు ఉత్తరం నిన్న అందింది. చదివి మడిచి, ట్రంకుపెట్టెలో పెట్టేశాను. కోపం వచ్చింది. ఎంత వచ్చిందంటే కొట్టాయన స్టూలు మీదున్న పళంగా లేపి బయటికి పంపి, చీటీ నేనే పీకేశాను.

ఈ పొద్దున్న రికార్డు చేద్దామని కూర్చున్నాను. రేపటి తర్వాత ఈ గొంతు ఉంటుందో లేదో తెలియదు కాబట్టి ఇవే ఆఖరి ఇరవై నిమిషాలు. బయట జోరున వాన. గడియారాలు మేడమీద పెట్టడానికి లేదు. మీ బావగారు ముందుగదిలో కాసేపు నిలబడ్డారు. నిలబడి, ఒక్కొక్క గడియారం దగ్గరికే వెళ్లి ఆపడం మొదలుపెట్టారు. ఎనిమిదో రోజుకొచ్చినవి కూడా ఆపేశారు, అన్నిటికన్నా మొండిదైన ఆ గోడగడియారంతో సహా. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగా నేను వినలేదు. ఆయన వచ్చి నా ఎదురుగా పరుపుల మధ్య ఇరుక్కుని కూర్చుని, "చెప్పు" అన్నారు.

ప్రకటనల కాగితాలు చేతిలోనే ఉన్నాయి. రెండువందల పన్నెండూ ఇరవై నిమిషాల్లో అయ్యేవి కావు, అది నాకూ తెలుసు. పదో ఇరవయ్యో అయ్యేవి. కాగితం చూశాను, ఆయన్ని చూశాను. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లందరికీ ఏది ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పుకుంటూ వచ్చానుగానీ, సాయంత్రం ఇంటికొచ్చేసరికి గొంతు అలిసిపోయి ఈయనతో కుదురుగా రెండు మాటలు ఆడింది లేదు. ఆయన పలకరనుకున్నాను. నేను ఎప్పుడైనా చోటిచ్చానా అన్నయ్యా.

కాగితాలు పక్కన పెట్టి ఆయనతో మాట్లాడాను. ఏం మాట్లాడానో నీకు చెప్పను. ఇరవై నిమిషాలూ అయిపోయాయి. రికార్డు మీట నొక్కలేదు. బస్టాండుకి కంప్యూటర్ గొంతే పెట్టుకోమని చెప్పమన్నాను ఆయన్ని. చెబుతానన్నారు. బాధ లేదని రాస్తే అబద్ధం. చాలా బాధగా ఉంది.

రేపు ఎనిమిదింటికి ఆపరేషన్.

బుల్లి


జూలై 21

బుల్లీ,

దీనికి విషయమూ సూచికా రాయడం చేతకాలేదు.

నీ ఉత్తరం చదివి మీ వదిన నాతో మాట మానేసింది. ఆపరేషన్ బాగా జరిగిందని బావగారు ఫోన్ చేసి చెప్పారు. నేను హలో అన్నాక ఆయన "బాగుంది" అని పెట్టేశారు. అంత మంచి కబురు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

నీతో ఒక తప్పు ఒప్పుకోవాలి. మా మొదటి సమావేశంలోనే, కూర్చున్న అయిదు నిమిషాల్లో, పైఅద్దెకాయన చెప్పేశాడు: "ఏ పెట్టయినా ఒకటే సార్, ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే, మాట్లాడేది ఒక్క మనిషి, ఊరికే వచ్చేది చాలు." నేను ఆ మాట మినిట్స్‌లో రాయలేదు. అన్ని అంశాలూ కూలంకషంగా చర్చించామని రాశాను.

ఎందుకు రాయలేదంటే, రిటైరై నాలుగేళ్లయింది బుల్లీ. ఈ నాలుగేళ్లలో ఏది కొనాలని నన్ను అడిగినవాళ్లు లేరు. ఇంట్లో టమాటాలు కూడా మీ వదినే ఏరుతుంది, నేను సంచీ పట్టుకుంటాను. నీ ఉత్తరం వచ్చినరోజు పాత ఫైలు అట్ట ఒకటి వెతికి తీసి, దాని మీద నంబరు వేశాను. రెండు లైన్లలో తేల్చేస్తే "సరే అన్నయ్యా" అని నీ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం వస్తుంది, ఆ పైన ఇంకో పదకొండేళ్లు ఏమీ రాదు. కమిటీ నడిచినన్నాళ్లూ నీ ఉత్తరాలు వస్తాయనుకున్నాను. వచ్చాయి. ఒక్కొక్కటీ నాలుగుసార్లు చదువుకున్నాను. నీ గొంతు కరిగిపోతోందని తెలిసి కూడా చదువుకున్నాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, అది నాకు దక్కకూడదు.

పైఅద్దెకాయన పదహారున కాదు, పంతొమ్మిదిన వచ్చాడు. గొడుగు తీసుకుని ఫైలు అక్కడే వదిలేశాడు.

అన్నయ్య


ఆగస్టు 2

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చినరోజు వంటింటి పలక నిండా నీ గురించి రాశాను. మీ బావగారు తడిగుడ్డతో తుడిచేశారు. మర్నాడు మళ్లీ రాశాను, మళ్లీ తుడిచారు. మూడోరోజుకి రాయడానికి ఏమీ మిగల్లేదు. ఉత్తరాలు కావాలంటే ఉత్తరాలు కావాలని రాయాలి అన్నయ్యా. నేనేమన్నా టెండరు పిలిచానా?

ఇక్కడొక వింత జరిగింది, విను. నేను ఆసుపత్రిలో ఉండగా బస్టాండులో కంప్యూటర్ గొంతు పెట్టారు. రెండు రోజుల్లో గోల మొదలైంది. సగం మందికి బస్సులు తప్పిపోయాయి. ఆ సంతోషం విని ఏ బస్సూ నిజంగా పోతోందని జనానికి నమ్మకం కుదరలేదట. మేనేజరు పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చి, ఆవిడ గొంతు ఏ కాస్త ఉన్నా ఇప్పించమన్నాడు. మీ బావగారు అల్మారాలో ఉన్న పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చేశారు. అందులో ఏముందో నీకూ నాకూ తెలుసు. ఆయనకి తెలియదు, ఆయన ఆ నూట ఇరవై సార్లూ మేడమీద గడియారాలకి కాపలా ఉన్నారు కదా.

ఇప్పుడు పొద్దున్న అయిదు నుంచీ సాయంత్రం దాకా, ప్రతి బస్సుకీ, నలభై రెండో నంబరు బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారమ్ నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నట్లు భావించబడుచున్నది. మొదటిరోజు జనమంతా మూడో ప్లాట్‌ఫారమ్ మీదే నిలబడ్డారు. రెండోరోజుకి డ్రైవర్లే విసుగెత్తి బస్సులన్నీ అక్కడికి తెచ్చి ఆపడం మొదలుపెట్టారు. మూడోరోజు మేనేజరు పెయింటర్ని పిలిపించి బస్సులన్నిటి మీదా నలభై రెండు వేయించాడు. ఎటు పోతుందో కండక్టరు కిందికి దిగి చెబుతాడట. మిగతా ప్లాట్‌ఫారమ్‌ల మీద కుర్రాళ్లు బట్టలారేసుకుంటున్నారు. ఒక్కరికి కూడా బస్సు తప్పిపోలేదట. నేను వెళ్లి ఒక మూల నిలబడి విన్నాను. ఎర్రపెట్టె మీద ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఏడో రికార్డింగ్ అది. బాగుంది. నా గొంతు అంత బాగుంటుందని నాకూ తెలియదు. అక్కడే నిలబడి ఏడ్చాను, పక్కనున్నావిడ బస్సు తప్పిపోయిందనుకుని నన్ను ఓదార్చింది.

కొత్త గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు, ఇసుకలో చెప్పులు ఈడ్చినట్టుంది. డాక్టరు మొన్న సోమవారం నుంచి రోజుకి అయిదు మాటలకి అనుమతిచ్చాడు. ఇప్పటిదాకా వచ్చినవన్నీ మీ బావగారికే ఇచ్చేశాను. ఆయన అన్నిటికీ జవాబు చెప్పారు.

నువ్వు శుక్రవారం రా. వదినని తీసుకురా, ఫైలు తీసుకురాకు. ఆ రోజు అయిదు మాటలూ పొద్దుట్నుంచీ ఎవరితోనూ ఆడకుండా నీ కోసం అట్టే పెడతాను. చీకటి పడకుండా చేరుకో. ఆ రోజువి ఆ రోజే వాడేయాలట, మర్నాటికి కలుపుకోవడానికి వీల్లేదన్నాడు డాక్టరు.

బుల్లి